ధైర్యం చెబుతున్నారు సరే, అప్పు సంగతి?

ఆత్మహత్య సమస్యకు పరిష్కారం కాదు, రైతులు మనోధైర్యం కోల్పోవద్దు. పత్తి రైతో మిర్చి రైతో చనిపోయిన మర్నాడు ఈ మాట వినిపించని మండలం లేదు. నాయకులంటారు, అధికారులంటారు, వార్త చివర మనమూ రాస్తాం. ఇప్పుడు దీనికి ఒత్తిడిని జయించే సదస్సులు, వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలు తోడయ్యాయి. రైతు మనసు మెత్తబడింది, దాన్ని గట్టి చేస్తే చాలు అన్న నమ్మకం వీటన్నిటికీ మూలం. నా దృష్టిలో అది చనిపోయినవాడి మీద వేసే నింద.

వాన ఎప్పుడొస్తుందో, ధర ఎంత పలుకుతుందో తెలియకుండా తెచ్చిన అప్పంతా మట్టిలో పోసేవాడు పిరికివాడా? రెండేళ్లు వరసగా గులాబీ రంగు పురుగు కాయను తొలిచేసినా మూడో ఏడు మళ్లీ విత్తనాల పొట్లాలు కొన్నవాడికి ధైర్యం చాలలేదంటామా?

1997-98లో ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తి రైతుల చావులు దేశాన్ని కుదిపేశాయి. పురుగు పంటను తినేసింది. మందులమ్మే దుకాణదారే అప్పిచ్చినవాడు కూడా. పావు శతాబ్దం దాటినా ఆ ముడి విడిపోలేదు, కౌలు రైతు మెడకు ఇంకా బిగిసింది. రైతు స్వరాజ్య వేదిక టాటా సామాజిక శాస్త్రాల సంస్థతో కలిసి 2018లో తెలంగాణలో 692 బాధిత కుటుంబాలను కలిస్తే, చనిపోయినవారిలో 75 శాతం కౌలు రైతులని తేలింది. అదే ఏడు వచ్చిన రైతుబంధు, రైతుబీమా రెండూ పట్టా ఉన్నవారికే దక్కాయి. పాసుపుస్తకం లేనివాడికి బ్యాంకు తలుపు తెరుచుకోదు, నూటికి మూడు రూపాయల మిత్తికి పోవాల్సిందే. ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన సాగుదారు హక్కుల చట్టమూ కౌలుదారుకిచ్చే కార్డును భూయజమాని సంతకానికి ముడిపెట్టింది. సంతకం పెడితే భూమి పోతుందని ఆసామి భయం. ఆ భయాన్ని మోసేది కౌలుదారు.

ఇక వెనక మిగిలిన ఇల్లాలి సంగతి. 2004 నాటి 421 జీవో ప్రకారం పరిహారం దక్కాలంటే ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీఏ కలిసి విచారించి, అది రైతు ఆత్మహత్యేనని తేల్చాలి. ఆమె అప్పు రుజువులు చూపాలి. వడ్డీవ్యాపారి కాగితం ఇస్తాడా? ఊరి పెద్దల ముందు నిలదీసేవాడు కమిటీ ముందుకు మాత్రం రాడు. నిద్రలేని ఆ మనిషికి ధైర్యంగా ఉండమ్మా అని చెప్పి జీపెక్కేవాళ్లకు ఏ హక్కుంది?

మనసు సంగతి వదిలేయమనడం లేదు. కుంగుబాటు జబ్బు, దానికి వైద్యం ఉంది. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు ప్రతి ఎరువుల దుకాణం గోడ మీదా ఉండాలి. కానీ మాట విన్నాక పని కూడా జరగాలి. వికారాబాద్ జిల్లాలో 2017లో మొదలైన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ దారి అది. గోడు వింటుంది, ఆ తర్వాత పాసుపుస్తకం కోసం, ఆగిన రుణం కోసం ఆఫీసుల వెంట పడుతుంది.

ఇక విషం సంగతి. శ్రీలంకను చూడండి. 1995 నుంచి అతి ప్రమాదకరమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించింది. రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు 70 శాతానికి పైగా పడిపోయింది. అక్కడి రైతుల గుండెలు ఉన్నట్టుండి రాయి కాలేదు. తట్టుకోలేని ఆ ఘడియ చాలాసార్లు గడిచిపోయేదే, ఆ ఘడియలో విషం అందుబాటులో లేకపోతే మనిషి దక్కుతాడు. బతికి బయటపడ్డవారిలో ఎక్కువమంది మళ్లీ ఆ ప్రయత్నం చేయరు. మన దగ్గర విరుగుడే లేని పారాక్వాట్ కలుపుమందు ఇప్పటికీ దేశమంతటా నిషేధానికి నోచుకోలేదు.

కాబట్టి ఈసారి మండలంలో మనోధైర్య సదస్సు పెట్టేవారికి నా విన్నపం: వక్తతో పాటు తహసీల్దారును, బ్యాంకు మేనేజరును కూర్చోబెట్టండి. కౌలు రైతులను పేరుపేరునా పిలిచి, ఎవరికెంత అప్పుందో అడిగి రాయించండి. ఆ సాయంత్రానికి ఎన్ని కార్డులిచ్చారో, ఎన్ని రుణాలు తిరగరాశారో మాకు చెప్పండి.