తీర్పు ఎవరిది? తాళంచెవి ఎవరిది?

అమెరికా రాజ్యాంగం అధికారాన్ని మూడు భాగాలు చేసింది. చట్టం చేసేది కాంగ్రెస్. అమలు చేసేది ప్రెసిడెంటు, ఆయన కింది అధికార్లు. చట్టానికి అర్థం చెప్పేది కోర్టు. ఈ మాట బడిపిల్లలకూ తెలుసు. కానీ ఆ మూడింటి నడుమ నల్లవాళ్ల బతుకు ఎక్కడ నలిగిందో, ఎక్కడ నిలదొక్కుకుందో మన కార్యకర్తలు తెలుసుకోవాలని మేము అనుకుంటున్నాం.

1954 మే 17న అక్కడి సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటగా తీర్పు చెప్పారు. సర్కారు బడుల్లో నల్లపిల్లలను, తెల్లపిల్లలను విడదియ్యడం రాజ్యాంగానికి విరుద్ధమన్నారు. గొప్ప తీర్పే. అయితే కోర్టుకు సైన్యం లేదు, ఖజానా లేదు. తీర్పు రాయగలదు గాని బడి తలుపు తియ్యలేదు.

1957లో ఆర్కన్సా రాష్ట్రం లిటిల్‌రాక్‌లో ఏమైంది? తొమ్మిదిమంది నల్లపిల్లలు హైస్కూలుకు పోతే గవర్నర్ ఫాబస్ రాష్ట్ర సైనికులను పెట్టి ఆపించాడు. అక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు, ఓట్లతో గెలిచినవాడు. చివరికి ప్రెసిడెంటు ఐసెన్‌హోవర్ వెయ్యిమంది సైనికులను దింపితే గాని ఆ పిల్లలు క్లాసులో కూచోలేదు. మరుసటేడు అదే గవర్నర్ ఊళ్లో హైస్కూళ్లు మూయించాడు! 1963-64 నాటికి కూడా దక్షిణాది 11 రాష్ట్రాల్లో తెల్లపిల్లలతో కలిసి చదివే నల్లపిల్లలు నూటికి ఇద్దరు లేరు.

మరి మార్పు ఎట్లా వచ్చింది? నల్లజనం రోడ్డెక్కారు. దెబ్బలు తిన్నారు, జైళ్లకు పోయారు. ఆ ఒత్తిడికి కాంగ్రెస్ కదిలింది. వివక్ష పాటించే బడికి కేంద్రం డబ్బు ఆపవచ్చని 1964 చట్టం చెప్పింది. పైసలు ఆగిపోతాయనేసరికి మూసిన తలుపులు కదిలాయి. 1965 ఓటుహక్కు చట్టం ఇంకో అడుగు వేసింది. చదువు పరీక్షల పేరుతో నల్లవాళ్లను తిప్పిపంపే స్థానిక గుమాస్తాల ఆట కట్టించింది. అవసరమైన చోట్లకు కేంద్రమే అధికార్లను పంపి పేర్లు రాయించింది. మిసిసిపిలో అంతకుముందు ఓటు నమోదైన నల్లవాళ్లు నూటికి ఏడుగురు. 1967 నాటికి అరవైమంది దాకా! తీర్పుకు ప్రాణం పోసింది ఆ రిజిస్టరు, ఆ బిల్లుల ఫైలు.

అయితే కోర్టు ఇవ్వగలదు, తీసుకోనూ గలదు. ఓటు నిబంధనలు మార్చాలంటే ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలని ఆ 1965 చట్టం కొన్ని రాష్ట్రాలకు ముకుతాడు వేసింది. ఏ రాష్ట్రాలకు అది వర్తిస్తుందో చెప్పే సెక్షన్‌ను 2013లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అయిదుగురు జడ్జీలు అటు, నలుగురు ఇటు. తాడు పుస్తకంలోనే ఉంది, కట్టడానికి ఎద్దు లేకుండా పోయింది. ఆ జడ్జీలను ఎంపిక చేసేది ప్రెసిడెంటు, ఒప్పుకునేది సెనేట్. ఒకసారి కూచుంటే బతికినంతకాలం కుర్చీ వాళ్లదే. అందుకే అక్కడ ఓటు పోగొట్టుకున్నవాడు కోర్టునూ పోగొట్టుకుంటాడు.

బాబాసాహెబ్ 1913 నుంచి 1916 దాకా న్యూయార్క్‌లో చదివారు. 1946లో నల్లజాతి నాయకుడు డుబాయ్స్‌కు ఉత్తరం రాసి, నల్లవాళ్ల స్థితికీ అంటరానివాళ్ల స్థితికీ ఎంతో పోలిక ఉందన్నారు. ఐక్యరాజ్యసమితికి వాళ్లు పెట్టిన అర్జీ ప్రతులు కావాలని అడిగారు. వాళ్ల పోరాటాన్ని ఆయన అంత దగ్గరగా చూశారు. మనమూ చూడాలి.

మనకు 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. 1995 రూల్సు ప్రకారం జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ కలెక్టర్ అధ్యక్షతన మూడు నెలలకోసారైనా కూచోవాలి. మీ జిల్లాలో ఈ ఏడాది ఎన్నిసార్లు కూచుంది? బాధితులకు రావలసిన పరిహారం ఏ బల్ల మీద ఆగింది? చట్టం ఉందని చప్పట్లు కొట్టి ఇంటికి పోతే సరిపోదు. పదిమంది కలిసి పోండి. కాగితం మీద అడగండి, కాగితం మీదే జవాబు తీసుకోండి.

జై భీమ్!