రక్తం తీసుకున్నోళ్ళు రిపోర్టు ఎప్పుడిస్తారు?



పోస్టు పొడుగ్గా ఉంటది, ముందే చెప్తున్నా. మొన్న మన గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది కదా, వచ్చే నెల హెల్త్ క్యాంపుకు వాలంటీర్లు కావాలని. "కోయ భాష వచ్చినవాళ్ళకు ప్రాధాన్యం, సర్టిఫికెట్ ఇస్తాం" అని. గంటలోపే ముప్పై నలభై మంది పేర్లు పెట్టేశారు. పోయిన ఏడాది నేనూ అట్లనే అందరికన్నా ముందు పేరు పెట్టిన. ఈసారి పెట్టలేదు. మెస్‌లో నలుగురు అడిగారు, ఏమైంది, సేవ చెయ్యవా అని. వాళ్ళకు ఒక్కొక్కరికీ చెప్పేకన్నా ఇక్కడే రాస్తున్నా.

పోయిన ఏడాది ఆ క్యాంపు పెట్టింది మా గూడెంలోనే, స్కూల్ ఆవరణలో. మా యూనివర్సిటీ ఎన్ఎస్ఎస్ వాళ్ళు, ఒక మెడికల్ కాలేజీ వాళ్ళు కలిసి పెట్టారు. మా గూడానికి ఐదు కిలోమీటర్ల లోపల, అడవిలో గుత్తి కోయల గుడిసెలు ఉన్నాయి. వాళ్ళను కూడా రమ్మని ముందురోజు నన్నే పంపించారు. వాళ్ళు చంటిపిల్లల్ని ఎత్తుకుని తెల్లారకముందే బయల్దేరి ఏడింటికల్లా వచ్చి కూర్చున్నారు. బస్సు పదిన్నరకు వచ్చింది. జ్యోతి వెలిగించడం, శాలువాలు, ఉపన్యాసాలు అయ్యేసరికి పన్నెండు. మూడున్నరకు బస్సు మళ్ళీ స్టార్ట్ అయింది, ఎందుకంటే చీకటి పడితే ఆ రోడ్డు మంచిది కాదంట. మధ్యలో భోజనాలు కూడా తీసేయండి. ఒక్కో మనిషికి డాక్టర్ దగ్గర ఎంతసేపు దొరికిందో మీరే లెక్క వేసుకోండి.

నా పని డాక్టర్ టేబుల్ పక్కన నిలబడి మాట తిప్పి చెప్పడం. నేను లేని పక్క టేబుల్ దగ్గర ఒక డిగ్రీ పిల్ల ఫారాలు నింపుతోంది. "ఏం తాగుతారు?" అని అడిగితే మా గూడెం అవ్వ "ఏరు" అన్నది. మన కోయ మాటలో ఏరు అంటే నీళ్ళు. అవ్వ నీళ్ళు తాగుతానన్నది, అంతే. ఆ పిల్ల "తాగునీరు: వాగు" అని రాసుకుంది. మా గూడెంలో రెండు బోర్లు ఉన్నాయి. నేను చూసి దిద్దింది ఆ ఒక్క ఫారమే. మిగతావన్నీ అట్లనే పోయి ఏదో ఒక రిపోర్టులో "ఈ ప్రాంత గిరిజనులు వాగు నీరు తాగుచున్నారు" అని అచ్చయి ఉంటాయి. నవ్వొస్తది గానీ, రేపు మన మీద రాసే పుస్తకాలు వీటి మీదనే రాస్తారు.

ఇదంతా చిన్న సంగతి. అసలు సంగతి రక్తం.

సికిల్ సెల్ పరీక్షకని చాలామంది దగ్గర రక్తం తీసుకున్నారు. గుత్తి కోయ ఆడవాళ్ళు భయపడ్డారు, లేచి పోబోయారు. అప్పుడు సార్ నన్ను పిలిచి, "రిపోర్టు వారంలో ఇంటికే వస్తుంది, మందులు కూడా ఫ్రీ అని చెప్పు" అన్నారు. నేను చెప్పిన. నా నోటితో, మన మాటలో చెప్పిన. మన మాట విన్నారు కాబట్టే కూర్చుని చెయ్యి చాపారు. ఈ వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. వాళ్ళు యూనివర్సిటీని నమ్మలేదు, ఫ్లెక్సీని నమ్మలేదు. నన్ను నమ్మారు.

ఏడు నెలల తర్వాత సర్టిఫికెట్ మీద సంతకం కోసం ఆఫీసు గదికి పోయిన. టేబుల్ కింద ఒక అట్టపెట్టె, దాని మీద మంచినీళ్ళ క్యాన్. క్యాన్ జరిపి చూస్తే రిపోర్టు చీటీలు. మా గూడెం పేర్లు, లోపలి గుడిసెల పేర్లు. ఒక్క చీటీ కూడా ఎవరింటికీ పోలేదు. అడిగితే, "అవి పీహెచ్‌సీకి పంపాలి, మనిషి దొరకలేదు" అన్నారు. నేను రోజూ అదే క్యాంపస్‌లో తిరుగుతున్నా. నెలకోసారి ఊరికి పోతా. నేను మనిషిని కాదా?

ఆ ఏడు నెలల్లో ఒక పెళ్ళి జరిగింది. అబ్బాయి చీటీ, అమ్మాయి చీటీ రెండూ ఆ పెట్టెలోనే ఉన్నాయి. ఏ ఊరు, ఎవరు, చీటీల్లో ఏముంది అనేది నేను రాయను, ఎవరూ అడగొద్దు. కానీ సికిల్ సెల్ గురించి తెలియనివాళ్ళ కోసం ఇది చెప్తా. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఆ లక్షణం ఒక్కో పాలు ఉంటే, వాళ్ళకు ఏ జబ్బూ కనపడదు, మామూలుగానే ఉంటారు. కానీ పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంటది. కీళ్ళ నొప్పులు, రక్తం తగ్గిపోవడం, మాటిమాటికీ జ్వరాలు. ముందే తెలిస్తే పుట్టగానే బిడ్డకు పరీక్ష చేయించొచ్చు, రోజూ వేసుకునే మందులు ఉన్నాయి. ఇంకో సంగతి, ఊళ్ళో చేసే మొదటి పరీక్షలో "ఉంది" అని మాత్రమే తేలుతది. ఒక పాలా, పూర్తి జబ్బా అని తేలాలంటే ల్యాబ్‌లో రెండో పరీక్ష చెయ్యాలి. అంటే మొదటి పరీక్ష చేసి ఊరుకుంటే, మనిషికి భయం మిగుల్తది, సమాచారం రాదు. 2023 జూలై 1న దేశమంతా సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది, 2047 లోపు పోగొడతామన్నారు. అట్టపెట్టెలో నుంచి ఎట్లా పోగొడతారు?

"ఏమీ లేనిదానికన్నా ఏదో ఒకటి నయం కదా" అని మా రూమ్మేట్ అన్నాడు. నేనూ మొదట అట్లనే అనుకున్నా. నిజమే, ఆ క్యాంపులో మా మామకు కంట్లో శుక్లం ఉందని చెప్పారు, తర్వాత ఆపరేషన్ చేయించుకున్నాడు, ఇప్పుడు వల అల్లుతున్నాడు. అది కాదనను. కానీ మన దగ్గర ఉండే జబ్బులు ఒక్క రోజు జబ్బులు కావు. వైవాక్స్ మలేరియాకు ప్రైమాక్విన్ 14 రోజులు మింగాలి. గర్భిణీకి ఐరన్ మాత్రలు 180 రోజులు. టీబీకి మామూలుగా ఆరు నెలలు. క్యాంపులో అందరికీ ఒకే కవర్: పారాసిటమాల్ ఒక షీటు, ఐరన్ పది మాత్రలు, ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి. పదకొండో రోజు ఏంటి అని ఒక తల్లి నన్ను అడిగింది. డాక్టరమ్మకు తిప్పి చెప్పిన. పాపం ఆమె కూడా చిన్నదే, పీజీ చేస్తోంది, తల దించుకుంది. ఆమె మీద నాకు కోపం లేదు. బస్సు టైము ఆమె పెట్టింది కాదు.

ఇక ఆ ఫ్లెక్సీ. దాని మీద పదకొండు ఫోటోలు, కింద "స్థానిక మరియు శరణార్థి సమూహాలకు ఉచిత వైద్య సేవలు" అని ఉంది. ఎన్ఎస్ఎస్ మాట "నాట్ మీ బట్ యూ", నేను కాదు మీరు అని. పదకొండు ఫోటోల్లో ఆ మీరు ఎవరో నాకు కనపడలేదు.

శరణార్థి అంటే దేశం సరిహద్దు దాటి వచ్చినవాడు. 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం చెప్పేది అదే, దాని మీద మన దేశం సంతకం కూడా పెట్టలేదు. గుత్తి కోయలు ఏ దేశం నుంచి వచ్చారు? 2005లో దంతెవాడ వైపు సల్వాజుడుం మొదలైంది. ఒకపక్క వాళ్ళు, ఒకపక్క వీళ్ళు, నడుమ ఊళ్ళు కాలినయ్. ప్రాణం పట్టుకుని ఇటు ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వేల మంది నడిచి వచ్చారు. గిరిజనుల చేతికి తుపాకులిచ్చి ఎస్పీఓలుగా పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో తీర్పిచ్చింది. వాళ్ళు ఈ దేశ పౌరులు. అంగన్‌వాడీ, టీకా, ఏఎన్ఎం వాళ్ళ హక్కు. శరణార్థి అని పేరు పెట్టగానే హక్కు పోయి జాలి మిగుల్తది. జాలికి ఒక రోజు చాలు, ఒక బస్సు చాలు.

ఇప్పుడు మనోళ్ళ సంగతి. యూనివర్సిటీ వాళ్ళను తిడితే లైకులు వస్తాయి, ఇది రాస్తే రావు, అయినా రాస్తా. ఈ గ్రూపులోనే పోయిన వారం ఒకన్న రాశాడు, "గుత్తి కోయలు మన అడవి నరుకుతున్నరు, మన మందులు కూడా వాళ్ళకేనా" అని. అన్నా, నువ్వు పెద్దోడివి, ఎదురు చెప్తున్నందుకు ఏమనుకోకు. పోడు పంచాయితీ ఉంది, లేదనను. మా నాయనకు కూడా వాళ్ళతో గొడవైంది. కానీ వాళ్ళు మాట్లాడేది సగం మన మాటే. రాష్ట్రం మారితే ఎస్టీ గుర్తింపు వెంట రాదు, అందుకని వాళ్ళ పిల్లలకు సర్టిఫికెట్ లేదు, మన హాస్టల్లో సీటు లేదు. వాళ్ళ గుడిసెలో కుట్టిన దోమ ఆధార్ కార్డు చూసి మన గూడెం వదిలేసి పోదు. పోలవరం కింద మునిగే కోయ ఊళ్ళ మనుషులను అడుగు, సొంత రాష్ట్రంలోనే కాలనీలో పడేస్తే ఎట్లుంటదో. రేపు మనల్ని కూడా ఏ ఊరోళ్ళో "వచ్చినోళ్ళు" అంటారు.

చెయ్యాలనుకుంటే ఎట్లా చెయ్యొచ్చో తెలియని సంగతేం కాదు. వార్ధా దగ్గర సేవాగ్రామ్ మెడికల్ కాలేజీలో ఒక్కో బ్యాచ్ ఒక్కో ఊరిని తీసుకుంటది. మొదట ఆ ఊళ్ళోనే ఉంటారు, తర్వాత నెలనెలా అవే ఇళ్ళకు పోతారు. గోదావరి దాటితే గడ్చిరోలి. అక్కడ రాణి బంగ్, అభయ్ బంగ్ అనే డాక్టర్ దంపతులు దవాఖాన ఎట్లా ఉండాలని ముందు గోండులనే అడిగారు. వాళ్ళు చెప్పినట్టు గుడిసెల మాదిరి కట్టి, దంతేశ్వరి తల్లి పేరు పెట్టారు. పసిపిల్లల్ని ఇంట్లోనే చూసుకోవడం ఊరి ఆడవాళ్ళకే నేర్పించారు. చనిపోయే పసిపిల్లల సంఖ్య సగానికి పైగా తగ్గిందని 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. నేర్చుకున్నది పెద్ద చదువుల వాళ్ళు కాదు, మన అమ్మల్లాంటి వాళ్ళు.

ఇప్పుడు నేను అడిగేది. క్యాంపుకు పోవద్దని అనట్లేదు. మన నోరు లేకపోతే ఆ క్యాంపు నడవదు, ఆ సంగతి వాళ్ళకు తెలుసు, మనకే తెలియదు. పేరు ఇచ్చే ముందు రాతపూర్వకంగా అడుగుదాం. రిపోర్టులు ఏ తేదీకి, ఎవరి చేత ఇంటికి చేరతాయి? రెండో పరీక్ష ఎక్కడ? మళ్ళీ వచ్చే రోజు ఎప్పుడు? మా గూడెం ఆశా అక్కను, లోపలి గుడిసెల నుంచి ఒక మనిషిని ముందే కూర్చోబెట్టి మాట్లాడతారా? క్యాంపును మా గూడెంలో కాదు, ఆ ఐదు కిలోమీటర్లు లోపలికి నడిచి పెట్టగలరా? జవాబు రాసిస్తే నేనే మొదటి పేరు ఇస్తా, సర్టిఫికెట్ కూడా వద్దు. ఉత్తరం రాసిన, మా హాస్టల్ నుంచి 11 మంది సంతకాలు పెట్టారు. ఇద్దరు పెట్టి మళ్ళీ కొట్టేయమన్నారు, స్కాలర్‌షిప్ ఆపుతారేమోనని. వాళ్ళను ఏమీ అనకండి, వాళ్ళ ఇళ్ళల్లో కూడా మొదట చదువుకున్నది వాళ్ళే.

ఆ అట్టపెట్టె సార్‌ను బతిమాలి తీసుకుని పీహెచ్‌సీలో అప్పగించిన. అక్కడి ఏఎన్ఎం అక్క, ఆశా అక్క, నేను రెండు ఆదివారాలు తిరిగినం. మా గూడెం చీటీలన్నీ అందాయి. లోపలి గుడిసెలకు పోతే తొమ్మిది కుటుంబాలు లేవు, ఫారెస్టోళ్ళు లేపేశారంట, ఎటు పోయారో ఎవరూ చెప్పట్లేదు. ఆ తొమ్మిది ఇళ్ళ చీటీలు ఇంకా ఏఎన్ఎం అక్క దగ్గరే ఉన్నాయి. మీ ఊరి పక్కన ఈ మధ్య కొత్తగా గుడిసెలు పడ్డాయా? పడితే పేర్లు ఇక్కడ కామెంట్లలో రాయకండి, నాకు విడిగా మెసేజ్ పెట్టండి.