సంఘసేవను విడిచి నవలలు వ్రాయవచ్చునా?

సంఘసేవ వృత్తిగా గలవారు దానిని మాని నవలలు వ్రాయ గూర్చుండినచో, "ఆకొన్నవానికి అన్నము పెట్టుట మాని కథలు చెప్పుచున్నాడు" అని పెద్దలు నిందింతురు. ఈ నిందలో కొంత న్యాయము లేకపోలేదు. కాని యంతయు న్యాయమని నేనొప్పుకొనజాలను.

నైజీరియా దేశపు రచయిత్రి బూచి ఎమెచెటా జీవితమును చూడుడు. ఈమె 1944లో లాగోసు నగరమున జన్మించి, మన పాఠశాలవంటి మెథడిస్టు మిషను బాలికల పాఠశాలలో విద్యార్థివేతనముతో చదివెను. 1962లో లండను చేరెను. ఆమె తొలి నవల వ్రాతప్రతిని భర్త కాల్చివేసెను. 1966లో అతనిని విడిచి, అయిదుగురు బిడ్డలను తానొక్కతెయే పెంచెను. అప్పటికామె వయస్సు ఇరువదిరెండేండ్లు మాత్రమే! బిడ్డలు మేల్కొనకముందు, వేకువజామున వ్రాసికొనెడిది. కాలిపోయిన కథను మరల మొదటినుండి వ్రాసి, 'ది బ్రైడ్ ప్రైస్' అను పేర 1976లో ప్రకటించెను.

ఇక ఆమె యుద్యోగము. 1969 మొదలు 1976 వరకు లండను విద్యాశాఖలో యువజనుల నడుమను, పిదప 1978 వరకు కామ్డెను ప్రాంతమునను సేవ చేసెను. ఈ నడుమనే, 1972లో, 'ఇన్ ది డిచ్' అను నవల వెలువడెను. ప్రభుత్వ సహాయముపై బ్రదుకు తల్లుల కథ యది. అందొక సహాయోద్యోగిని కలదు. మంచి మనసు గలది. అయినను ఆమె దయయే ఆ తల్లులను ఎదుగని పిల్లలవలె నుంచుచున్నది! ఈ మాటను ఏ యుద్యోగి తన నివేదికలో వ్రాయగలడు? వ్రాసినను పైయధికారి బీరువాలో పెట్టి తాళము వేయును. నివేదికలో బీదరాలొక సంఖ్య. నవలలో ఆమెకు కోపము, హాస్యము, ఆత్మగౌరవము నున్నవి. మేలు చేయువారికి తమ్ము తాము చూచుకొను అద్దము కూడ నావశ్యకమే. కనుక అట్టి గ్రంథరచనను సేవకు ద్రోహమనుట తగదు.

అయితే తలిదండ్రుల భయమును నేను పరిహసింపను. జీతము మానినచో ఇల్లెట్లు గడచును? ఎమెచెటా సంఘసేవోద్యోగమును చాలించునాటికి నాలుగు నవలలు అచ్చుపడియుండెను. ఫైళ్లతో విసిగి పారిపోవువారికి ఆమె పేరు చెప్పుకొను హక్కు లేదు. పూర్వవిద్యార్థులు కొందరు ఇట్టి యాలోచనతో నాయొద్దకు వచ్చుచుందురు. ఉద్యోగములో నుండగనే ఎన్ని పుటలు వ్రాసితివని మాత్రమే వారి నడుగుదును.