చెల్లని ఒప్పందం.. సాక్షిగా మీ సంతకం!

ఫెర్టిలిటీ సెంటర్లు ఇప్పుడు మంచి ఉపాధి రంగం. బయోటెక్నాలజీ చదివినవాళ్లకు ల్యాబ్ ఉంది, సైకాలజీ వాళ్లకు కౌన్సెలింగ్ ఉంది, నర్సింగ్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ ఉద్యోగాలకు వెళ్లొద్దని నేను అనడం లేదు. నా అనుమానమల్లా ‘కోఆర్డినేటర్’, ‘ఫీల్డ్ ఎగ్జిక్యూటివ్’ అనే హోదాల వెనక ఒక్కోసారి దాక్కుని ఉండే పని మీదే. అక్కడ జీతం నామమాత్రం, కేసుకు ఇంత అని కమీషన్ మాత్రం ఊరించేలా ఉంటుంది. పనేంటంటే, వేరేవాళ్ల బిడ్డను మోయడానికి ఒప్పుకొనే మహిళను వెతికి తేవడం, కాగితాల మీద ఆమెతో సంతకం చేయించి, కింద సాక్షిగా మీరూ ఒకటి గీకడం.

ఆ గీకుడు ఖరీదెంతో తెలుసా? సరోగసీ (నియంత్రణ) చట్టం, 2021 మన దేశంలో 2022 జనవరి 25న అమల్లోకి వచ్చింది. వైద్య ఖర్చులు, 36 నెలల బీమా, నిబంధనలు ఒప్పుకొన్న మరికొన్ని ఖర్చులు.. వీటికి మించి గర్భం మోసే మహిళకు ప్రతిఫలం ఇస్తే అది వాణిజ్య సరోగసీ, అంటే నేరం. అలాంటిది నడిపినా, ప్రకటన ఇచ్చినా, మధ్యవర్తుల ద్వారా మహిళలను తెప్పించినా పదేళ్ల వరకు జైలు, రూ.10 లక్షల వరకు జరిమానా. నాన్ బెయిలబుల్ కూడా. ‘నేను ఉత్త ఉద్యోగిని సార్’ అంటే పోలీస్ స్టేషన్లో వినేవాళ్లుండరు.

సరే, స్టాంపు పేపరు, నోటరీ ముద్ర ఉన్నాయి కదా అంటారేమో. లా విద్యార్థులైతే ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం, ఉద్దేశం చట్టవిరుద్ధమైతే ఆ ఒప్పందం చెల్లదు. పది లక్షలిస్తామని రాసి రెండు లక్షలు చేతిలో పెట్టారనుకోండి, మిగతా ఎనిమిది ఇప్పించమని ఆమె ఏ కోర్టుకు వెళ్తుంది? అక్షరం ముక్క రాని మనిషిని నమ్మించడానికే ఆ కాగితం. దాని మీద చదువుకున్న మీ సంతకం ఉంటే ఆ నమ్మకం ఇంకాస్త పెరుగుతుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

నిషేధం లేని రోజుల్లో మాత్రం కాగితాలు కాపాడాయా? గుజరాత్‌లోని ఆనంద్ ఒకప్పుడు విదేశీ దంపతులు వెతుక్కుంటూ వచ్చిన ఊరు. 2008లో జపాన్ దంపతుల కోసం అక్కడో పాప పుట్టింది. పుట్టేలోపే వాళ్లు విడాకులు తీసుకున్నారు. పాపకు తల్లి ఎవరో తేలక, దేశం దాటడానికి పత్రాలు రాక, చివరికి నానమ్మ వచ్చి సుప్రీంకోర్టు తలుపు తట్టాల్సి వచ్చింది. రాసుకున్న ఒప్పందం ఆ చిక్కును విప్పలేకపోయింది. 2015లో విదేశీయులకు సరోగసీ ఆపేశారు, ఆ తర్వాత వాణిజ్యం మొత్తానికే తలుపులు మూశారు.

మూశారు గానీ, దొడ్డిదారి అలాగే ఉంది. 2024 నవంబరులో హైదరాబాద్ రాయదుర్గంలో ఒడిశా మహిళ ఒకరు అపార్ట్‌మెంట్ పైఅంతస్తు నుంచి పడి చనిపోయారు. రూ.10 లక్షలకు సరోగసీ ఒప్పందం మీద తీసుకొచ్చారని వార్తలొచ్చాయి. ఆ డబ్బు మాట ఇచ్చినవాళ్లలో ఎవరినైనా ఆ ఒప్పందం ఆపగలిగిందా?

అలాగని చట్టం అంతా సవ్యంగా ఉందని నేను ఒప్పుకోను. డాక్టరు ఫీజు తీసుకుంటారు, ల్యాబ్ బిల్లు వేస్తుంది, లాయరుకూ ముడుతుంది. తొమ్మిది నెలలు మోసి, ఒళ్లు పణంగా పెట్టే మనిషికి మాత్రం ‘త్యాగం చెయ్యమ్మా’ అని చెప్పడం ఏం న్యాయం? పైగా పెళ్లయి, సొంత బిడ్డ ఉండి, 25 నుంచి 35 ఏళ్ల మధ్య వయసున్న మహిళే, అదీ జీవితంలో ఒక్కసారే ఈ పనికి అర్హురాలు. అంతటి బాధ్యతకు ఆమె పోగొట్టుకున్న కూలి, కోలుకునే నెలల ఖర్చు ప్రభుత్వ పర్యవేక్షణలో నేరుగా ఆమె ఖాతాలో పడేలా చూస్తే తప్పేంటి? దళారులపై కఠినంగా ఉంటూనే ఆమెకు న్యాయం చేయొచ్చని నా అభిప్రాయం. గ్రూప్ డిస్కషన్‌లో ఈ అంశం వస్తే ‘నిషేధమా, అనుమతా’ అనే రెండు ముక్కల దగ్గరే ఆగిపోకండి.

అమ్మాయిలకు ఇంకో మాట. ఫీజుకు, హాస్టల్ బకాయికి సాయమవుతుందంటూ అండదానం ఆఫర్లు వస్తే తొందరపడొద్దు. ఏఆర్‌టీ చట్టం ప్రకారం దాతకు 23 నుంచి 35 ఏళ్ల మధ్య వయసుండాలి, జీవితంలో ఒక్కసారే, ఏడు అండాలకు మించి తీయకూడదు, 12 నెలల బీమా ఉండాలి. ఆధార్‌లో వయసు మారుద్దామన్నవాళ్లకు మీ ఆరోగ్యం కూడా లెక్క ఉండదు.

ఇక ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడగాలా’ అంటారు కదా, మొహమాటపడకుండా అడగండి. సెంటర్‌కు ఏఆర్‌టీ, సరోగసీ రిజిస్ట్రేషన్లు విడివిడిగా ఉన్నాయా? నా జీతంలో స్థిరమైనది ఎంత, మనుషుల్ని తెస్తే వచ్చేది ఎంత? రెండో ప్రశ్నకు అవతలివాళ్లు మాట మారిస్తే, మీ సర్టిఫికెట్ల ఫైలు తీసుకుని బయటికి వచ్చేయండి.