ప్రయోగశాలయు, రోగి వాకిలియు

మన పరిసరములందలి విషములు మనుష్యుని మెదడునకును, నరములకును ఎట్లు హాని చేయునో శోధించు శాస్త్రము నేడు మిక్కిలి అవసరమైనది. ఈ శాస్త్రమున ప్రవేశించు యువతీయువకులకు ఎట్టి శిక్షణ నీయవలెనను ప్రశ్న విశ్వవిద్యాలయముల వారికే సంబంధించినదని పలువురు తలంతురు. మేమట్లు తలంపము. ఆ శిక్షణలో సగము ప్రయోగశాలలో జరుగవలసినది. తక్కిన సగము రోగి వాకిట, రోగి భాషలో జరుగవలసినది. ఈ రెండవ సగమునకు పునాది మనవంటి పాఠశాలలలోనే పడుచున్నదని మా అభిప్రాయము.

జపాను దేశమందలి క్యూషూ ద్వీపమున మినమాట యను సముద్రతీర పట్టణము కలదు. అచ్చటి రసాయన కర్మాగారము పాదరసముతో కూడిన మురికినీటిని సముద్రములోనికి విడిచెను. ఆ విషము చేపలలో చేరి, చేపలు తిన్న జాలరి కుటుంబముల వారి మెదడును పాడుచేసెను. చేతులు కాళ్లు మొద్దుబారుట, నడక తప్పుట, చూపు కుంచించుకొనిపోవుట, మాట తడబడుట ఆ వ్యాధి లక్షణములు. కర్మాగారపు ఆసుపత్రి అధిపతి యగు హొసొకావా 1956 మే 1వ తేదీన దీనిని ప్రభుత్వాధికారులకు తెలియజేసెను.

గర్భమందలి శిశువును మాయ విషములనుండి కాపాడునని నాటి వైద్యుల నమ్మకము. కావున చేప రుచియే యెరుగని పసిబిడ్డల అవిటితనము వేరొక వ్యాధి యని వారు త్రోసివేసిరి. ముప్పది యేండ్లైనను నిండని హరాదా యను వైద్యుడు 1961లో జాలరుల యిండ్లకు పోయి తల్లులను విచారించెను. తాను తిన్న చేపలలోని విషమే కడుపులోని బిడ్డకు సోకినదని ఒక తల్లి అతనితో చెప్పెను. పుస్తకమందున్న దానికి ఆమె మాట విరుద్ధము. అయినను అతడు దానిని పెడచెవిని పెట్టక, బిడ్డలను ఒక్కొక్కరినే పరీక్షించుచు వచ్చెను. 1962లో ఆ తల్లి మాటయే నిజమని తేలెను. ఎండిన బొడ్డుత్రాటిని ఇంట దాచుకొనుట జపానువారి ఆచారము. తరువాతి కాలమున వానిని పరీక్షింపగా వానియందును పాదరసము కనబడెను. ఇంటి ఆచారము నెరిగినవానికి ఇల్లే ప్రయోగశాల యైనది.

తెలుగునాటను ఇట్టి వ్యాధి లేకపోలేదు. నెల్లూరు మండలమున బావినీటి ఫ్లోరైడు వలన కలుగు వ్యాధిని గూర్చి షార్టు, పండిట్, రాఘవాచారి గార్లు 1937లో ప్రకటించిరి. ఎముక పెరిగి వెన్నుపామును నొక్కినచో కాళ్లు చచ్చుబడును. ఏ బావినీరు ఎన్నేండ్లు త్రాగితివని అడిగి తెలిసికొనక ఈ వ్యాధి మూలము పట్టుపడదు.

ఆ అడుగుటకు భాష కావలెను. మన తల్లులు "తిమ్మిరెక్కినది" అన్నది వేరు, "మొద్దుబారినది" అన్నది వేరు, "పట్టు తప్పినది" అన్నది వేరు. "కళ్లు తిరిగినవి" అన్నను, "కళ్లు బైర్లు కమ్మినవి" అన్నను ఒక్కటి కాదు. నరముల వైద్యమున ఈ భేదములే రోగమునకు ఆనవాళ్లు. దుబాసీ నోట పడినప్పుడు ఇవన్నియు ఒక్క మాటగా మారుట సులభము. బెంగుళూరునందలి నిమ్హాన్సు సంస్థకు కన్నడ, తెలుగు, తమిళ దేశముల నుండి రోగులు వత్తురు. ఇంట తెలుగును, వీధిలో కన్నడమును నేర్చిన బాలిక రేపు అచ్చట శాస్త్రజ్ఞురాలైనచో, ఆ రోగుల తల్లులతో దుబాసీ లేకయే మాటలాడగలదు.

తెలుగు మాధ్యమమున చదివిన బిడ్డకు శాస్త్రము అందదని తలిదండ్రులు కొందరు భయపడుచున్నారు. ఆ భయము కేవలము నిరాధారమని మేము చెప్పము. పరిశోధన గ్రంథములు ఇంగ్లీషున నున్నవి. కావున ఇంగ్లీషును గట్టిగా నేర్పవలసినదే. గాని దానికొరకు ఇంటి భాషను విడువవలసిన పని లేదు. ఒకటి గ్రంథము చదువుటకు, మరియొకటి మనిషిని చదువుటకు.

శిక్షణ నిచ్చు సంస్థలకు మా విన్నపము రెండు మాటలు. ఈ శాస్త్రమున ప్రవేశించిన ప్రతి యువకునిని ఒక యేడాదియైనను రోగులున్న పల్లెలకు పంపి, అచ్చటి భాషను నేర్పింపుడు. కనుగొన్న సత్యమును వెల్లడించు స్వేచ్ఛను అతనికి కల్పింపుడు. కర్మాగారపు మురికినీరు కలిపిన తిండి తిన్న పిల్లి జబ్బుపడుట 1959లో హొసొకావా కనుగొనెను; యజమానులు దానిని వెల్లడి కానీయలేదు. న్యాయస్థానమునకు ఆయన దానిని చెప్పుట 1970లో గాని జరుగలేదు. ఆ నడుమ, 1968 వరకు, విషము సముద్రములో కలియుచునే యుండెను.

విద్యార్థులారా! మీ అవ్వ తన బాధను చెప్పునప్పుడు ఆమె వాడిన మాటను వాడినట్లే వ్రాసికొనుడు. శాస్త్రమున మొదటి పాఠము అదియే.