బలమా? కొలతా?

మా మేనల్లుడు చవక రకం కార్బన్ ఫ్రేమూ, విడిభాగాలూ తెప్పించుకొని స్వయంగా సైకిలు కూర్చుకున్నాడు. మొన్న విశాఖ నుంచి విజయనగరం దాకా తొక్కుకొని వచ్చి, ఒంటిచేత్తో ఎత్తి చూపాడు. ముచ్చటపడ్డాను. అంతలో సీటు దిగజారుతోందంటూ రెంచి తీశాడు. "గట్టిగా బిగించరా!" అన్నవాణ్ణి నేనే.

టిక్కుమని శబ్దం. సీటు కింద ఫ్రేముపై వెంట్రుకవంటి చార!

ఇనుము వంగి హెచ్చరిస్తుంది. విరిగినా వెల్డింగుతో నిలుస్తుంది. కార్బన్ నారపొరలను జిగురుతో అతికించినది. లోపల పొర విడినా పైకి తెలియకపోవచ్చు. బిగింపుపై 5 న్యూటన్ మీటర్లని హద్దు అచ్చువేసే ఉంది. చదివే ఓపిక మా ఇద్దరికీ లేకపోయింది. జారుడుకు మందు బలం కాదు, గరుకు రేణువులుండే కార్బన్ పేస్టు.

గంటస్తంభం దగ్గర నాకు తెలిసిన వృద్ధ మెకానిక్ ఒకాయన ఉన్నాడు. ముందు 32, వెనుక 40 చువ్వలుండే పాత సైకిళ్ళ చక్రాలకు వంకర తీస్తాడు. పావుచుట్టు తిప్పి, చువ్వ మీటి, చెవియొగ్గి వింటాడు. ఆయన కొలత చెవిలో ఉంది. మనకది లేదు గనుక పనిముట్టు కావాలి.

చవక ఫ్రేము కొనడం తప్పనను. తేలిక సైకిలు సామాన్యుడికీ అందాలి. అయితే మిగిలిన సొమ్ముతో మొదట టార్క్ రెంచి కొనాలి. ఫోర్కు, హ్యాండిలు మాత్రం పరీక్షలకు నిలిచినవే తీసుకోవాలి. అవి విరిగితే నేలను తాకేది ముఖమే.

ఏళ్ళ తరబడి పిల్లల తప్పులు దిద్దినవాణ్ణి. ఈ తప్పు నాది. కొత్త ఫ్రేముకు సగం సొమ్ము నేనే ఇచ్చాను. వాడు బస్సులో తిరిగి వెళ్ళాడు.

మీరేమంటారు?