గోడకూ ఓ గొంతుంటుంది!

గోడలకు చెవులుంటాయని సామెత. స్పీకర్లు కొనేవాళ్లు మాత్రం గోడలకు గొంతు కూడా ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి. బీదర్ ఇళ్లలో టీవీ గోడకెక్కి చాలా కాలమైంది. పలచబడ్డ టీవీలో పెద్ద స్పీకరుకు జాగా లేదు. ఉన్న చిన్న స్పీకర్లు కూడా చాలావాటిలో కిందికో, వెనక్కో తిరిగి ఉంటాయి. మాట నేరుగా రాదు. గోడకు తగిలి, నేలకు తగిలి, అలసిపోయి చెవికి చేరుతుంది. దాంతో విడిగా స్పీకర్లు కొందామన్న ఆలోచన మొదలవుతుంది. జహీరాబాద్ మీదుగా హైదరాబాద్ వెళ్లి కోఠి గుజరాతీ గల్లీలో నాలుగు దుకాణాలు తిరిగినా, బీదర్‌లోనే బేరమాడినా చివరికి మిగిలే ప్రశ్న ఒక్కటే. గోడకు బిగించే ఆన్‌వాల్ స్పీకర్లా, స్టాండు మీద పెట్టుకునే బుక్‌షెల్ఫ్ స్పీకర్లా?

దుకాణదారు డబ్బాను చూపిస్తాడు. కొనేవాడు రంగు, ధర, వాట్లు చూస్తాడు. ఇంట్లో గోడ ఎలా ఉందని ఒకరు అడగరు, ఇంకొకరు చెప్పరు. అసలు తిరకాసంతా అక్కడే ఉంది.

వినాల్సింది మాట

స్పీకరు బాగుందంటే బాస్ దద్దరిల్లాలని చాలామంది లెక్క. బీదర్‌లోని తెలుగు ఇంటికి ఆ లెక్క సరిపోదు. 1956 నవంబరు 1న రాష్ట్రాలు మారినప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లా ముక్కలైంది. జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు ఆంధ్రప్రదేశ్‌లో, ఉద్గీర్ వైపు బొంబాయి రాష్ట్రంలో, మిగిలినది మైసూరు రాష్ట్రంలో కలిశాయి. మ్యాపు మీద గీత మారింది గానీ ఇంట్లో మాట మారలేదు. ఇక్కడి తెలుగు పిల్లలకు బడిలో కన్నడమో ఇంగ్లిషో, బజారులో ఉర్దూ. తెలుగు చదివే పిల్లలు తక్కువ, వినే పిల్లలే ఎక్కువ. అమ్మానాన్నల మాట తర్వాత వాళ్లకు తెలుగు అందేది వార్తలు, సినిమాలు, పాటల ద్వారానే. అంటే భాష చెవి దారినే వస్తోంది. ఆ దారిలో మాట ముద్దగా వినిపిస్తే భాష కూడా ముద్దగానే అబ్బుతుంది.

మాటలో అచ్చుల బలం కింది స్థాయి ధ్వనుల్లో ఉంటుంది. స, శ, చ, త లాంటి హల్లులను వేరు చేసి చెప్పేది ఎక్కువగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ ప్రాంతం. బాస్ అతిగా పొంగితే ఈ హల్లుల మీద దుప్పటి కప్పినట్టవుతుంది. ముసలివాళ్లకు ముందు తగ్గేది కూడా ఈ పైస్థాయి వినికిడే. అందుకే తాతలు టీవీ సౌండు పెంచమంటారు. పెంచితే బాస్ కూడా పెరుగుతుంది, మాట మాత్రం తేటపడదు. ఇంట్లో రోజూ జరిగే ఈ గొడవకు తాత చెవి ఒక్కటే కాదు, గోడ కూడా కారణమే.

గోడ చేసే పని

సన్నటి శబ్దం టార్చిలైటు వెలుగులా ముందుకు వెళుతుంది. లావు శబ్దం అలా కాదు, డబ్బా చుట్టూ తిరిగి అన్ని వైపులా పాకుతుంది. 100 హెర్ట్జ్ ధ్వని ఒక్క అల పొడవే సుమారు 3.4 మీటర్లు. అడుగు ఎత్తు డబ్బా దానికో లెక్కా? వెనక్కి వెళ్లిన శబ్దం గోడకు కొట్టుకొని తిరిగొస్తుంది. డబ్బా గోడకు ఆనుకొని ఉంటే రెండూ కలిసి బాస్ 6 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. మూలలో పెడితే రెండో గోడ కూడా తోడై ఇంకా ఉబ్బుతుంది. అదే డబ్బా గోడకు రెండడుగుల దూరంలో ఉంటే 140 హెర్ట్జ్ దగ్గర తిరిగొచ్చిన శబ్దం ముందు శబ్దాన్ని కొంత మింగేస్తుంది. మగవాళ్ల గొంతు మూలస్వరం సరిగ్గా ఆ ప్రాంతంలోనే ఉంటుంది. అమెరికన్ ఇంజనీరు రాయ్ అలిసన్ 1974లోనే గోడల ప్రభావాన్ని కొలిచి, ఒక పరిశోధన పత్రంలో చూపించారు. గోడను కలుపుకొని పనిచేసే స్పీకర్లనూ ఆయన తయారుచేశారు.

రెండు రకాల స్పీకర్లకూ తేడా ఇక్కడే. ఆన్‌వాల్ స్పీకరుకు గోడ చుట్టం. వెనక గోడ ఉంటుందని ముందే లెక్కేసి, ఆ మేరకు బాస్ తగ్గించి తయారుచేస్తారు. బుక్‌షెల్ఫ్ స్పీకరుకు గోడ మరీ దగ్గరైతే పగోడు. పేరు చూసి మోసపోతే పప్పులో కాలేసినట్టే. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ మూసిన డబ్బాలో గాలినే స్ప్రింగుగా వాడి, అప్పటిదాకా బీరువాలంత ఉండే స్పీకర్లను చిన్నవి చేశారు. అరల్లో పట్టే స్పీకర్లకు దారి పడింది అక్కడే. ఇప్పుడు అదే పేరుతో అమ్ముడవుతున్న వాటిలో చాలావాటికి వెనక గొట్టంలాంటి రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రానికి గాలాడాలి. షోకేసులో పుస్తకాల మధ్య ఇరికిస్తే గొంతు బొంగురుపోతుంది.

బీదర్ పాత ఊళ్లో ఇంకో ఉచ్చు ఉంది. పాత ఇళ్ల మందపాటి గోడల్లో దీపాలకు, సామానుకు వదిలిన గూళ్లు ఉంటాయి. కొలిచి చేయించినట్టు స్పీకరు అందులో ఇమిడిపోతుంది. చూడముచ్చటగానూ ఉంటుంది. కానీ మూడు వైపులా రాయి, వెనక రాయి. కుండలో తలపెట్టి మాట్లాడినట్టే వినిపిస్తుంది. గూట్లో దీపం ఉండనివ్వండి. స్పీకరు బయటికి రావాలి.

ఎవరికి ఏది?

గోడకు అడుగున్నర దాకా జాగా వదిలి, స్టాండు మీద పెట్టగల ఇల్లయితే బుక్‌షెల్ఫ్ స్పీకర్లే మేలు. దాని అసలు బలం డబ్బాలో లేదు, కదిలించే వీలులో ఉంది. మాట ముద్దగా ఉంటే నాలుగంగుళాలు ముందుకు జరపొచ్చు. ఒక పక్క గోడ దగ్గరైతే ఇవతలికి తేవచ్చు. చెవి వైపు కాస్త తిప్పొచ్చు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు మరో మాటే అక్కర్లేదు. గోడకు రంధ్రాలు పడితే ఇంటి ఓనరు ఊరుకోడు, ఇల్లు మారితే స్పీకర్లు వెంట వస్తాయి.

పదడుగుల గదిలో మంచం, బీరువా, చదువుకునే బల్ల అన్నీ ఉండి, స్టాండు పెడితే పిల్లలు తన్నుకొని పడే పరిస్థితి ఉంటే ఆన్‌వాల్ స్పీకర్లే నయం. బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొని గోడకు నొక్కిపెట్టడం కంటే, గోడ కోసమే చేసినవి కొనడం నిజాయితీ గల బేరం. వాటి డబ్బా పలచన కాబట్టి బాస్ తక్కువే. సినిమా పేలుళ్లు కావాలంటే సబ్‌వూఫర్ జోడించాలి. వార్తలకు, పాత పాటలకు దాని అవసరం పెద్దగా ఉండదు. ఘంటసాల కాలం నాటి సినిమా పాటలు మోనోలో రికార్డయినవే. వాటి ప్రాణమంతా గొంతులో ఉంటుంది గానీ కుడి ఎడమల విన్యాసంలో ఉండదు.

ఆన్‌వాల్ బిగించేవాళ్లు చేసే పెద్ద తప్పు ఎత్తు. దేవుడి పటంలా సీలింగు దగ్గర బిగిస్తారు. సన్నటి శబ్దమిచ్చే ట్వీటరు కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో, అంటే నేల నుంచి మూడడుగుల పైచిలుకులో ఉండాలి. హల్లులు తేటగా వినిపించేది అప్పుడే. ఒకసారి రంధ్రం పడ్డాక జరపడం కుదరదు. కాబట్టి ముందు బల్ల మీదో, స్టూలు మీదో గోడకు ఆనించి రెండ్రోజులు విని చూడాలి. డ్రిల్లు ఆ తర్వాతే.

రాయిని కూడా చూసుకోవాలి. బీదర్ కోటకు, పాత ఊరి గోడలకు వాడిన ఎర్రటి లాటరైట్ రాయి తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడుతుంది. అయినా దాని నిండా చిల్లులే. మామూలు ప్లగ్గు అన్ని చోట్లా పట్టదు. బరువు మోసే చోటును మేస్త్రీ తట్టి చూశాకే బిగించాలి. కొత్త కాలనీల సంగతి వేరు. అక్కడి నాలుగంగుళాల ఇటుక గోడ స్పీకరుతో పాటు వణుకుతుంది. ఆ వణుకు పక్కింటి పడకగదికి చేరుతుంది. మధ్యలో రబ్బరు ముక్కలు పెడితే కొంత తగ్గుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి. చట్టం మాట అటుంచినా, పక్కింట్లో పరీక్షలకు చదివే పిల్లలుంటారు.

ముందు టేపు, తర్వాత జేబు

ఏది కొన్నా గది ఖాళీగా, నేలంతా టైల్సుతో ఉంటే మాట మోగుతుంది. ఒక జంపఖానా, బరువైన కర్టెన్లు, బట్టలో పుస్తకాలో నిండిన అర చేసే మేలు, ఖరీదైన స్పీకరు మార్చినా రాదు. పైగా వాటికయ్యే ఖర్చు తక్కువ.

కాబట్టి దుకాణానికి వెళ్లేముందు టేపు తీసుకొని గది పొడవు వెడల్పులు, గోడ దగ్గర మిగిలే జాగా కొలవాలి. పొడవు వెడల్పులు సమానమైన గదిలో బాస్ మరీ గుమిగూడుతుంది. అలాంటి గదిలో మూలలను అసలే వాడకూడదు. దుకాణంలో గుండె అదిరే పాట పెడతారు. అది వద్దని, తెలుగు వార్తలు పెట్టమనాలి. సౌండు తగ్గించమనాలి. తగ్గించినా ప్రతి మాటా విడివిడిగా వినిపిస్తే ఆ స్పీకరు ఇంటికి పనికొస్తుంది. లేకపోతే ఎన్ని వాట్లున్నా దండగే.

బడి కన్నడం నేర్పుతుంది. బజారు ఉర్దూ నేర్పుతుంది. ఇక్కడి ఇళ్లలో తెలుగు నేర్పాల్సింది ఇంటి గోడల మధ్య వినిపించే మాటే. అది తేటగా వినిపించే ఏర్పాటు చేయడం పెద్దల బాధ్యత. ఆ ఏర్పాటు కొలతల టేపుతోనే మొదలవ్వాలి.